బోరు చిన్నదైతేనేం?

ఆడపిల్ల రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటానంటే మన ఇళ్ళలో వచ్చే మొదటి ప్రశ్న, "తుపాకీతో నీకేం పనే?" అని. దానికి జవాబు చెప్పడానికి ఈషా సింగ్ లాంటి వాళ్ళున్నారు. ఆమెది పిస్టలే అనుకోండి, అయినా మన హైదరాబాదు అమ్మాయి. 2023లో చైనాలోని హాంగ్జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు గెల్చుకుంది. ఇక రెండో ప్రశ్న, "ఏ తుపాకీ కొందాం?" అన్నది. మధ్యతరగతి ఇళ్ళు తడబడేది ఇక్కడే. దాని గురించే నాలుగు మాటలు చెప్పాలని నా తాపత్రయం. మా అమ్మాయి రెండేళ్ళుగా రైఫిల్ పట్టుకుంటోంది కనుక ఆ ఖర్చుల లెక్కలన్నీ నా చేతిమీదుగానే నడుస్తున్నాయి.

ఇంట్లో ఈ మాట ఎత్తగానే సలహాలకేం కొదవుండదు. "కొంటే పెద్ద బోరుదే కొనాలి వదినా! మూడొందల మీటర్ల అవతల గురి కొడితేగానీ అది షూటింగే కాదు" అంటాడు మరిది. సినిమాల్లో చూసిన తుపాకులన్నీ ఆ క్షణాన ఆయన కళ్ళముందు తిరుగుతుంటాయి. తూటాలకి నెలనెలా ఎంతవుతుందని మాత్రం ఆయన అడగడు. అడగాల్సింది మనం.

బోరు అంటే మరేం లేదు, తుపాకీ గొట్టం లోపలి వెడల్పు. రైఫిల్ పోటీల్లో ముఖ్యంగా మూడు రకాలున్నాయి. పది మీటర్ల దూరానికి 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్. ఇందులో మందుగుండు ఉండదు, గాలి ఒత్తిడితో సీసపు పెల్లెట్ వెళ్తుంది. యాభై మీటర్లకి 5.6 మిల్లీమీటర్లది. దీన్నే అందరూ పాయింట్ టూటూ అంటారు. ఇందులో మందుగుండు తూటా వాడతారు. మూడోది మూడొందల మీటర్లకి వాడే పెద్ద బోరు. పోటీల్లో అది 8 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. మంచి పెల్లెట్లు 500 ఉండే డబ్బాల్లో వస్తాయి. పిల్ల రోజుకి వంద చొప్పున వారానికి ఐదు రోజులు కాల్చిందంటే డబ్బా వారంలో ఖాళీ. నెలకి నాలుగు డబ్బాలు కావాలి. అదే పాయింట్ టూటూ అయితే పెట్టెకి 50 తూటాలు. అంటే రోజుకి రెండు పెట్టెలు. ఒక్క పాయింట్ టూటూ తూటా ఖరీదులో ఎన్నో పెల్లెట్లు వస్తాయి. ఇక ఒక్క పెద్ద బోరు తూటా ఖరీదులో పాయింట్ టూటూ తూటాలే ఎన్నో వస్తాయి. గ్యాస్ పొయ్యి కొనడం ఒకరోజు ముచ్చట. సిలిండరు మాత్రం నెలనెలా కొనాల్సిందే కదా! ఇదీ అంతే. రైఫిల్ ధర చూసి బోరు ఎంచుకునేవాళ్ళు ఆర్నెల్లు తిరిగేసరికి తూటాలకి డబ్బుల్లేక, పిల్ల సాధన తగ్గించేస్తారు. తర్వాత "దానికి ఆసక్తి పోయింది" అని నెపం పిల్లమీదికి నెడతారు. నాకు కోపం తెప్పించేది ఇదే.

డబ్బు సంగతి పక్కన పెట్టినా, నేర్చుకోవడానికి చిన్న బోరే మేలు. పెల్లెట్ బరువు సుమారు అర గ్రాము. పెద్ద బోరుల్లో బాగా వాడుకలో ఉన్న పాయింట్ త్రీనాటెయిట్ తూటాలో ముందుకి దూసుకెళ్ళే గుండే పది గ్రాముల పైమాట. సెకనుకి దాదాపు 800 మీటర్ల వేగంతో పోతుంది. అది పోతూ పోతూ భుజాన్ని గట్టిగా వెనక్కి తంతుంది. కొత్త పిల్లకి ఆ దెబ్బ తెలిసిందంటే, మీట నొక్కకముందే కళ్ళు మూతపడతాయి, భుజం బిగుసుకుంటుంది. గురి కుదరకముందే ఉలికిపాటు అలవాటవుతుంది. దాన్ని మాన్పించడం మహా కష్టం.

చిన్న బోరంటే పిల్లలాటేగా అనుకునేవాళ్ళకి ఒక్క సంగతి చెప్తాను. పది మీటర్ల లక్ష్యంలో పది పాయింట్లిచ్చే నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. చెక్కిన పెన్సిలుతో పెట్టిన చుక్కంత! యాభై మీటర్లలో అది 10.4 మిల్లీమీటర్లు, అంటే చొక్కా బొత్తమంత. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా మనదేశానికి ఒలింపిక్స్‌లో తొలి వ్యక్తిగత స్వర్ణం తెచ్చింది ఆ 4.5 మిల్లీమీటర్ల రైఫిల్‌తోనే. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచిందీ దాంతోనే. చక్రాల కుర్చీలో కూర్చుని అవనీ లేఖరా 2021లో టోక్యోలోనూ, 2024లో పారిస్‌లోనూ పారాలింపిక్ స్వర్ణాలు కొట్టిందీ దాంతోనే. డాక్టరు చదువు వదిలి వచ్చిన సిఫ్త్ కౌర్ సమ్రా హాంగ్జౌలో 469.6 పాయింట్లతో ప్రపంచ రికార్డు పెట్టింది పాయింట్ టూటూతో. మరిది మెచ్చుకునే మూడొందల మీటర్ల పోటీని ఒలింపిక్స్‌లో 1972 తర్వాత తీసేశారు.

పెద్ద తూటాలకి పుట్టిల్లయిన అమెరికా సంగతీ చూద్దాం. అక్కడ వెయ్యి గజాల దూరం కొట్టడం ఒక సరదా. 2007లో సిక్స్ పాయింట్ ఫైవ్ క్రీడ్‌మూర్ అనే కొత్త తూటా వచ్చి, గాలికి తక్కువ పక్కకి పోతుందని పేరు తెచ్చుకుంది. అయినా చేతిలో డబ్బు తక్కువున్నవాళ్ళు అక్కడ కూడా సాధనకి పాయింట్ టూటూనే పడుతున్నారు. దాన్ని వంద, రెండొందల గజాల్లో కాల్చితే చాలు, ఆ తేలికపాటి గుండు గాలికి బాగా పక్కకి జరుగుతుంది. పెద్ద బోరుతో ఎంతో దూరాన నేర్చుకోవాల్సిన గాలి పాఠం దగ్గర్లోనే, తక్కువ ఖర్చులో వచ్చేస్తుంది.

అయితే ఒక మాట. "ఆడపిల్లేగా, చిన్నది చాల్లే" అని ఎవరైనా అంటే మాత్రం నేనొప్పుకోను. 1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో అమెరికా వనిత మార్గరెట్ మర్డాక్ మగవాళ్ళతో కలిసి యాభై మీటర్ల రైఫిల్ పోటీలో నిలబడి, విజేతతో సమానంగా పాయింట్లు సాధించి రజతం అందుకుంది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి ప్రత్యేకంగా షూటింగ్ పోటీలు మొదలైంది 1984లో. పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో మగవాళ్ళు 60 సార్లు కాలిస్తే మనవాళ్ళకి 40 చాలన్నారు. 2018 నుంచి అందరికీ 60. కాబట్టి చిన్న బోరు ఎంచుకోమంటున్నది పిల్ల ఆడపిల్లని కాదు. మొగపిల్లాడైనా ఇదే చెప్తాను. ఎన్ని ఎక్కువ సార్లు కాల్చగలిగితే అంత బాగా నేర్చుకుంటారు గనక. ముందు ముందు మూడొందల మీటర్ల మోజు నిలిస్తే అప్పుడే చూసుకోవచ్చు. మన దగ్గర ఆ దూరం రేంజిలు ఎక్కువగా సైన్యం, పోలీసుల చేతుల్లోనే ఉన్నాయి కూడా.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. బోరు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌళ్ళు మించని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. పాయింట్ టూటూకి తప్పకుండా కావాలి. కాలేజీలో ఎన్‌సీసీ ఉంటే మీ అమ్మాయిని చేర్చండి. కొద్దిపాటి తూటాలైనా సరే, పాయింట్ టూటూ పట్టడం అక్కడ పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది.

నా సలహా ఒకటే. మొదటి ఆరు నెలలు రైఫిల్ కొనకండి. క్లబ్బు రైఫిల్‌తోనే కానివ్వండి. ఆ డబ్బు పెల్లెట్లకీ, ఆ తర్వాత షూటింగ్ జాకెట్టుకీ పెట్టండి. ఆ మందపాటి జాకెట్టు ఒంటికి అతికినట్టుండాలి. జాకెట్టు కొలతల విషయంలో మనకొకరు చెప్పాలా? ఎదిగే పిల్ల గనక ముందే ఖరీదైనది కుట్టించకండి. పెల్లెట్లు సీసం కాబట్టి, రేంజి నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోనిదే పళ్ళెం ముట్టనివ్వకండి. రైఫిల్ ఇంటికొచ్చాక అది తాళం వేసిన బీరువాలోనే ఉండాలి. తాళంచెవి మీ దగ్గరుండాలి.

ఇంటి ఖర్చు ఎక్కడ తగ్గించాలో, ఎక్కడ తగ్గించకూడదో మనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు చెప్పండి? ఏ బోరు అన్న నిర్ణయం కూడా మనమే చేద్దాం. వచ్చే నెల సామాన్ల చిట్టా రాసేటప్పుడు పప్పు, నూనె, పాలు, ట్యూషన్ ఫీజుల కింద పెల్లెట్ల డబ్బాలు నాలుగని కూడా రాయండి. తక్కిన పద్దుల్లో దేన్నయినా కాస్త తగ్గించండిగానీ, ఆ నాలుగూ మాత్రం మూడు చేయకండి.