శ్లీపద నిదానమూ కోనసీమ బోదకాలూ

ప్రాచ్య విద్యాసంస్థల సదస్సులలో ఆయుర్వేద ప్రసక్తి వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినబడుతుంటాయి. ఇదంతా మన సంహితలలో ఎప్పుడో ఉన్నదన్నది ఒకటి. అది కాలం చెల్లిన శాస్త్రమన్నది మరొకటి. ఈ రెండింటికీ గ్రంథం విప్పి చూచే శ్రమ అక్కరలేదు. రోగి వంక చూచే శ్రమ అసలే అక్కరలేదు. కోనసీమవాసులు తరతరాలుగా ఎరిగిన బోదకాలు వ్యాధిని తీసుకొని పరిశీలిస్తే ఈ మాటలు ఎంత తేలికవో స్పష్టమవుతుంది.

సుశ్రుతసంహిత నిదానస్థానంలో పన్నెండవ అధ్యాయం శ్లీపదాన్ని వర్ణించినది. మాధవనిదానమూ అదే విషయాన్ని సంగ్రహించినది. జ్వరంతో కూడి, గజ్జలో తీవ్రమైన నొప్పితో పుట్టిన వాపు క్రమంగా పాదానికి దిగుతుందనీ, నిలవనీరు అధికమై అన్ని ఋతువులలోనూ శీతలంగా ఉండే దేశాలలో ఈ వ్యాధి విశేషంగా పుడుతుందనీ, ఏడాది గడచినదీ మిక్కిలి పెరిగి పుట్టవలె బుడిపెలు కట్టినదీ చికిత్సకు లొంగదనీ ఆ గ్రంథాల సారాంశం. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలను ఎరిగినవారికి ఈ దేశవర్ణన కొత్తగా తోచదు. గోదావరి పాయల నడిమి లంకలు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన పిమ్మట అల్లుకొన్న కాలువలు. కొద్దిగా తవ్వితే అందే నీరు. వాలు చాలక కదలని మురుగు. (శీతలమన్న విశేషణం మాత్రం ఇక్కడి వేసవిని అనుభవించినవారిని కొంత ఆలోచింపజేస్తుంది.)

పరిశీలన నిశితమైనదే. కాని పరిశీలన వేరు, కారణనిర్ణయం వేరు. శాస్త్రకారులు శ్లీపదానికి కఫాన్ని ప్రధానంగా చెప్పారు. నిలవనీటికీ కాలి వాపుకూ నడుమ ఉన్న దోమ ఆ శ్లోకాలలో లేదు. 1877లో పాట్రిక్ మాన్సన్ చైనాలోని అమోయ్ నగరంలో ఫైలేరియా సూక్ష్మక్రిములు దోమ శరీరంలో పెరగడం గమనించిన తరువాతనే ఆ లంకె దొరకడం ఆరంభమైనది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ మన ప్రాంతాలలో ఈ వ్యాధికి వాహకమనీ, సూక్ష్మక్రిములు రాత్రివేళలలో రక్తంలో అధికంగా సంచరిస్తాయనీ తేలినది. వ్యాధిసర్వేక్షణకు రాత్రిపూట రక్తం తీయడం అందుచేతనే.

మరొక చిక్కు పదానికి సంబంధించినది. ఇది ప్రాచ్యభాషా పండితుల సొంత పొలం. పలు పారిభాషిక పదకోశాలలో శ్లీపదమంటే ఫైలేరియా అని ఒక్క మాటలో ముగించడం కనబడుతుంది. సుశ్రుతుడు శ్లీపదం చేతులకు కూడా వస్తుందని చెప్పి, చెవి, కన్ను, ముక్కు, పెదవులలోనూ కలుగుతుందని కొందరు తజ్జ్ఞుల అభిప్రాయమని చేర్చాడు. ముక్కుకూ చెవికీ వచ్చే వాపులన్నీ ఈ క్రిమివల్లనే కలుగుతాయనడానికి వీలు లేదు. అనగా ప్రాచీన పదం ఒక వైపున ఆధునిక వ్యాధికంటె విశాలమైనది. మరొక వైపున సంకుచితమైనది కూడా. కోనసీమలో వరిబీజమని పిలిచే మూత్రవృద్ధి అదే అధ్యాయంలో వేరొక వ్యాధిగా చెప్పబడినది. ఈ వ్యాధి ప్రబలిన ప్రాంతాలలో దానికి సైతం తరచుగా ఈ క్రిమియే మూలమని నేటి వైద్యం తేల్చినది. పదానికి పదం అంటించే అనువాదం ఈ తేడాను మరుగుపరుస్తున్నది. ఆ పదకోశాన్ని నమ్మి ప్రయోగానికి రోగులను ఎంచుకొన్న వైద్యుని ఫలితాలు మొదటినుండే కలుషితమవుతాయి.

యల్లాప్రగడ సుబ్బారావు ఉదంతం ఇక్కడ స్మరణీయం. 1895లో భీమవరంలో జన్మించి, రాజమహేంద్రవరంలో చదివి, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించిన తరువాతనే ఆయన అమెరికా వెళ్ళాడు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన మార్గదర్శకత్వంలో 1947లో వెలువడిన డైఇథైల్ కార్బమజిన్ ఫైలేరియాకు నేటికీ ప్రధానౌషధం. గోదావరి మండలం పీడితమైన వ్యాధికి గోదావరి తీరవాసి మందు కనిపెట్టాడని సభలలో చెప్పుకొని ఆనందించడం సహజమే. కాని ఆ మందు నిలిచినది అభిమానం వల్ల కాదు. ముందు ఎలుకలలో, కుక్కలలో పరీక్షించి, పిమ్మట పోర్టోరికో రోగులకిచ్చి చూచారు. మన దేశంలో 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభమైన తరువాత కూడా, పన్నెండు రోజుల మోతాదు స్థానంలో ఏడాదికొక మోతాదు చాలునా, మరొక మందు జతపరచవలెనా అన్న ప్రశ్నలకు దశాబ్దాల పరిశోధన అవసరమైనది. మూడు మందుల కలయికను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసినది 2017లోనే.

ఇంతటి ఔషధమూ ముదిరిన కాలిని మామూలు కాలుగా చేయలేదు. ఏడాది గడచినది లొంగదన్న ప్రాచీనుల మాటలో అందుచేత సత్యం ఉన్నది. అయితే విడిచిపెట్టవలెనన్న భాగాన్ని పరిశోధన సవరించినది. వేళ్ళ సందులలోని పగుళ్ళ ద్వారా సూక్ష్మజీవులు చొరబడడం వల్లనే జ్వరమూ నొప్పీ తిరగబెడుతున్నాయనీ, నిత్యం సబ్బునీటితో కడిగి, తడి లేకుండా తుడిచి, పుండ్లకు మందు రాస్తే ఆ బాధ చాలవరకు తగ్గుతుందనీ రుజువైనది. కేరళలోని కాసరగోడులో అనువర్తిత చర్మవైద్య సంస్థ ఈ పరిచర్యకు ఆయుర్వేదాన్నీ యోగాన్నీ జోడించి, వాపును కొలిచి, ఫలితాలను ప్రకటించినది. కొలవడమన్నది ఇక్కడ కీలకం.

శాఖోటకం సంగతీ అటువంటిదే. తెలుగులో బరింక, బరివెంక అని పలు రూపాలలో వినబడే గరుకాకు చెట్టిది. దీని పట్ట కషాయాన్ని గోమూత్రంతో కలిపి శ్లీపదానికి ఇమ్మని చికిత్సాగ్రంథాలు చెప్పాయి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దీని కాండపు పట్టలోని ద్రవ్యాలు ఫైలేరియా పురుగులను చంపగలవని 1992లో ప్రకటించారు. ఆ ద్రవ్యాలు గుండెపై పనిచేసే జాతివి. కనుక ఎలుకలో పురుగు చచ్చినదన్న వార్త కోనసీమ రోగికి కషాయం పోయడానికి అనుమతిపత్రం కాజాలదు. పాఠాంతరాలలో మోతాదు ఎంత, పట్ట పచ్చిదా ఎండినదా, గ్రంథంలోని శాఖోటకం నేటి బరింకయేనా అన్నవి ముందు తేలవలసినవి. ఇవి తేల్చగలవారు ప్రాచ్య కళాశాలలలోనే ఉన్నారు. బసవరాజీయం వంటి ఆంధ్రదేశ ప్రసిద్ధ గ్రంథంపై ఈ దృష్టితో ఒక్క సిద్ధాంతవ్యాసమైనా రావడం, అలంకార విషయాలపై వచ్చే పదింటికంటె మేలు.

ఇంకొక పని గ్రంథాలయంలో కాక వీధిలో ఉన్నది. తూర్పు గోదావరితో సహా పీడిత జిల్లాలలో 2004 నుండి ఏటా మాత్రల పంపిణీ సాగిన కాలంలో, కాలు బాగానే ఉన్న మనిషి తనకెందుకని మాత్రను జేబులో వేసుకోవడం ఆరోగ్య కార్యకర్తలకు నిత్యానుభవం. రక్తంలో క్రిములుండీ ఏ లక్షణమూ కనబడని దశ ఏళ్ళతరబడి ఉండవచ్చునని అతనికి తెలియదు. సుశ్రుతుని షట్‌క్రియాకాలంలో వ్యాధి వ్యక్తమయ్యేది అయిదవ దశలో. అంతకు ముందే చికిత్స చేయవలెనని ఆయన ఉపదేశం. ఇది పోలికే తప్ప రుజువు కాదు. అయినా, బీఏ ఎల్ తరగతిలో ఆ శ్లోకానికి అర్థం చెప్పే అధ్యాపకుడు సాయంకాలం రాజోలు వీధి అరుగుపై అదే సంగతి తెలుగులో చెబితే, కార్యకర్త చేతిలోని కరపత్రంకంటె వినేవారు ఎక్కువమంది ఉంటారు.