కౌలాస్‌ను వదిలేసిన వాళ్లం

కామారెడ్డి స్టేషన్లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కని కుటుంబాలు మా ఊళ్లో తక్కువే. షిరిడీ మొక్కు ఉంటుంది. ఎలాగూ అంతదూరం పోయాం కదా అని ఎల్లోరా, దౌలతాబాద్ కూడా చుట్టి వస్తాం. ఆ రైలుకు పేరొచ్చింది ఆ కోట నుంచే. యాదవుల కాలంలో దౌలతాబాద్‌ను దేవగిరి అనేవారు. అక్కడ గైడు ‘అంధేరీ’ అనే చీకటి దారిలోకి తీసుకెళ్లి, లోపలికొచ్చిన శత్రువును ఎట్లా తికమకపెట్టి చంపేవారో చెబుతుంటే నోరు తెరుచుకుని వింటాం. వేసవి సెలవులొస్తే అటు ఎల్లారెడ్డి నుంచీ ఇటు కామారెడ్డి నుంచీ టూరు బస్సులు బయలుదేరతాయి. ఆంబేర్, చిత్తోడ్‌గఢ్, గ్వాలియర్, ఎర్రకోట. 2013లో రాజస్థాన్‌లోని ఆరు కొండకోటలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాక మా మోజు ఇంకా పెరిగింది. 2025 జులైలో మరాఠాల కోటలు పన్నెండింటికి అదే గౌరవం దక్కితే వాట్సాప్‌లో ఒకరికొకరం అభినందనలు కూడా చెప్పుకున్నాం.

పోయి చూడటం తప్పు కాదు. చిత్తోడ్‌గఢ్ చూడదగ్గ చోటే. కానీ సొంత జిల్లాలో ఉన్న కోట పేరు అడిగితే తెల్లమొహం వేసే టీచర్లం, లాయర్లం, విలేకరులం, ఆఫీసుల్లో బల్లల ముందు కూర్చున్నవాళ్లం దేశంలోని గొప్ప కోటల గురించి మాట్లాడే అర్హత ఎక్కడ తెచ్చుకున్నాం?

ఆ కోట కౌలాస్. జుక్కల్ మండలంలో, మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు రెండూ దగ్గరపడే చోట కొండమీద ఉంటుంది. ఓరుగల్లు కూలి ఢిల్లీ చేతికి పోయింది. 1336లో దాన్ని తిరిగి గెలిచినవాడు ముసునూరి కాపయ నాయకుడు. ఆయనే 1350 ప్రాంతంలో బహమనీ రాజ్యం స్థాపించిన హసన్ గంగూ ఒత్తిడికి నిలవలేక కౌలాస్‌ను వదులుకోవాల్సి వచ్చింది. గోల్కొండ చేజారింది ఆ తర్వాతి మాట. గోల్కొండలో సాయంత్రం షో టికెట్టు కొని చప్పట్లు కొట్టి వచ్చే మాకు, అంతకుముందే పోయిన కోట మా జిల్లాలో ఉందన్న సంగతి పట్టలేదు.

1857 సంగతి ఇంకా సిగ్గుచేటు. తిరుగుబాటు అంటే మా పిల్లలు మీరట్, ఝాన్సీ అంటారు. హైదరాబాద్ రెసిడెన్సీ మీద దాడి చేసిన తుర్రేబాజ్ ఖాన్ పేరు ఈమధ్య కొందరికి తెలిసింది. కౌలాస్ రాజా దీప్‌సింగ్ పేరు చెప్పే పిల్లవాడిని చూపించండి. నానాసాహెబ్ పీష్వా లేఖ పట్టుకుని రంగారావు అనే పట్వారీ ఈ సరిహద్దు ఊళ్లలో తిరిగి మనుషులను కూడగడుతుంటే, అతనితో చేతులు కలిపినవాడు దీప్‌సింగ్. కుట్ర బయటపడింది. రంగారావుకు మొదట ఉరి అన్నారు, తర్వాత అండమాన్ పంపారు, అతను అక్కడే చనిపోయాడు. దీప్‌సింగ్‌కు మూడేళ్ల జైలు పడింది. బడిపిల్లలకు ఒక పీరియడ్లో చెప్పగలిగే కథ ఇది. ఆ పీరియడ్ తీసుకోవాల్సింది మేమే, తీసుకోలేదు. సిలబస్‌లో లేదన్నాం. సిలబస్‌లో లేనివి మేం రోజూ ఎన్ని చెప్పడం లేదు!

కోట ఇప్పుడు ఎట్లుందో చెప్పాలంటే గుప్తనిధుల గుంతల గురించి చెబితే చాలు. కౌలాసే కాదు, తెలంగాణలో ఏ పాత కోటకు, ఏ పాడుబడ్డ గుడికి పోయినా ఈ గుంతలు కనబడతాయి. గది మూలలో మనిషి లోతున తవ్వి ఉంటుంది. నేల బండలు పెకిలించి గోడకు ఆనించి ఉంటాయి. గుంత అంచున కోసిన నిమ్మకాయలు, వాటి మీద ఎండిపోయిన కుంకుమ, పసుపు బియ్యం, కొబ్బరి చిప్ప, పక్కనే ఖాళీ క్వార్టర్ సీసా. నిధి ఎవరికీ దొరకదు. వాన మాత్రం వస్తుంది. నీళ్లు గుంతలో నిలిచి పునాదిలోకి దిగుతాయి, రాళ్ల మధ్య సున్నం మెత్తబడుతుంది, గోడ పొట్ట ఉబ్బుతుంది. రెండు మూడు వానాకాలాలు గడిచాక ఒక రాత్రి ఆ గోడ కూర్చుంటుంది. పైనుంచి పక్షులు వదిలిన రావి గింజ సందులో మొలిచి, వేరు లావెక్కి రాయిని బయటికి తోస్తుంది. కిందనుంచి మనిషి, పైనుంచి చెట్టు.

తవ్వేవాళ్లు ఎవరో మాకు తెలియదా? అమావాస్య మరునాడు హోటల్లో చాయ్ తాగుతూ ఏ జీపు ఎటు పోయింది, ఏ మంత్రగాడిని ఎక్కడినుంచి తెచ్చారు అని చెప్పుకునేది మేమే. మళ్లీ మాకెందుకు లెమ్మని గ్లాసు కింద పెట్టేదీ మేమే. పది రూపాయలకు మించిన విలువ గల నిధి భూమిలో దొరికితే కలెక్టర్‌కు చెప్పాలన్న చట్టం 1878 నుంచి ఉంది. పోటీ పరీక్షకు ఆ ఏడాది బట్టీ పట్టిన కుర్రాళ్లు కూడా మా ఊళ్లో ఉండే ఉంటారు.

కోటలను పట్టించుకోకపోవడానికి మేం చెప్పుకునే కారణం ఒకటుంది. వినడానికి చాలా గౌరవంగా ఉంటుంది. కోట అంటే మాకు దొర ఉండే గడి. గడి అంటే వెట్టిచాకిరి. గడి ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన తాతల మనవళ్లం, ఆ గోడల మీద ప్రేమ మాకెందుకుంటుంది అంటాం. ఆ బాధలో అబద్ధం లేదు. తెలంగాణ పల్లెల్లో గడి మీద పగ ఊరికే పుట్టలేదు. కానీ ఆ పగను మేం ఎక్కడ వాడుకుంటున్నామో చూడండి. దొరల వారసులు ఓట్లడగడానికి వస్తే దండ వేస్తాం. వాళ్ల ఇంటి పెళ్లికి పిలుపు వస్తే ఇస్త్రీ చొక్కా తీస్తాం. గడి మీది కోపమంతా, ఎదురు మాట్లాడలేని రాళ్ల మీదనే తీర్చుకుంటాం. పైగా ఆ రాళ్లు దొర మోసినవి కావు. కొట్టింది వడ్డెరలు, ఉలికి సాన పెట్టింది కమ్మరి, బండి మీద తెచ్చింది బేగారికి పట్టుబడ్డవాడు. దొర పేరు కాగితాల్లో ఉండనే ఉంది. వడ్డెర పనితనానికి ఆ గోడ తప్ప వేరే కాగితం లేదు. వెట్టి ఇక్కడే జరిగిందని రేపటి పిల్లలకు చూపించాలన్నా ఆ గోడ నిలబడాలి.

ఇంకో సాకు కూడా ఉండేది. అది 2014 జూన్ 2న పోయింది. ఉద్యమం రోజుల్లో రోడ్ల మీద వంటావార్పు చేస్తూ, వలస పాలకులు మా చరిత్రను పాఠాల్లోంచి తుడిచేశారని మేం ఇచ్చిన ఉపన్యాసాలు ఇంకా చెవుల్లో ఉన్నాయి. రాష్ట్రం వచ్చింది. 2016 అక్టోబర్ 11న కామారెడ్డి జిల్లా కూడా వచ్చింది. 2017లో తెలంగాణకంటూ వారసత్వ చట్టం వచ్చింది. తుడిచేసేవాడు పోయాడు సరే, రాసేవాడేడీ? జిల్లా వచ్చాక మేం పట్టుకు తిరిగిన వినతిపత్రాలు ఆఫీసు ఏ వైపు కట్టాలి, రెవెన్యూ డివిజన్ ఎవరికి దక్కాలి అన్నవే. రియల్ ఎస్టేట్ ధరల్లో ఉన్న ఉత్సాహంలో వెయ్యో వంతు కౌలాస్ మీద పెట్టి ఉంటే కనీసం కోటకు దారి చూపే బోర్డుల కోసమైనా గట్టిగా అడిగి ఉండేవాళ్లం.

దోమకొండ ఉంది కదా అంటారు. ఉంది. జిల్లా కేంద్రానికి దగ్గరే. కందకం, గుండ్రటి బురుజులు, లోపల మహాదేవుడి గుడి. ‘షట్చక్రవర్తి చరిత్ర’ రాసిన కామినేని మల్లారెడ్డి ఈ కోటను ఏలిన వంశంవాడే. ఏళ్ల తరబడి బాగుచేసిన ఆ కోటకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారాల్లో అవార్డ్ ఆఫ్ మెరిట్ వచ్చింది. అదే ఏడాది గోల్కొండ మెట్లబావులకు ఇంకో పురస్కారం వచ్చింది. పాత సున్నపు గోడకు సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక గోడే పాడవుతుంది. అందుకే ఇలాంటి చోట మళ్లీ గానుగ పట్టిన డంగుసున్నమే కావాలి, అది వేయడం తెలిసిన చేతులూ కావాలి. ఆ ఓపిక పట్టింది, ఆ ఖర్చు పెట్టింది కోట వారసులు. అందులో మా వంతు ఎంత? పురస్కారం వార్త రాగానే గర్వంగా ఉందని ఫోన్లలో పంచుకున్నాం. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, అక్కడ ప్రీ వెడ్డింగ్ షూటింగ్‌కు పర్మిషన్ ఇస్తారా అని.

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే దారిలోనే లింగంపేట. అక్కడి నాగన్న బావి మెట్లబావుల్లో చూడదగ్గది. చెత్త, పూడిక నిండి ఉంటే ఏళ్ల తరబడి దాని పక్కనుంచే బస్సులో పోయాం, వచ్చాం. చివరికి హైదరాబాద్ నుంచి నీటి సంరక్షణ మీద పనిచేసేవాళ్లు వచ్చి పూడిక తీయించి బాగు చేస్తే, అప్పుడు మెట్ల మీద కూర్చుని సెల్ఫీలు దిగడానికి వరస కట్టాం. ఎల్లారెడ్డివాళ్లు మెదక్ పోతే 1924లో పూర్తయిన చర్చి చూస్తారు, చూడాల్సిందే. కళ్లెదుటి గుట్ట మీది కాకతీయుల నాటి కోట ఎక్కేవాళ్లు వాళ్లలో ఎందరో వాళ్లే చెప్పాలి.

సరిహద్దు అవతల మరాఠీ పల్లెల కుర్రాళ్లు ఆదివారాలు జట్లుగా కోటలెక్కి చెత్త ఏరుతారు, పొదలు కొడతారు, మెట్లు సరిచేస్తారు. వాళ్లకు శివాజీ ఉన్నాడు, మాకెవరున్నారు అనేవాళ్లు మాలో ఉన్నారు. కాపయ నాయకుడు ఉన్నాడు, దీప్‌సింగ్ ఉన్నాడు, పేరు తెలియని వడ్డెరలు వందల మంది ఉన్నారు. వాళ్ల కథ చెప్పే నోరు మాది. దాన్ని మూసుకుని కూర్చున్నదీ మేమే.

కాబట్టి కామారెడ్డి, ఎల్లారెడ్డిలో నాతోపాటు జీతం తీసుకుంటున్న, పెన్షన్ తీసుకుంటున్న పెద్దలందరికీ మనవి. ఈసారి జైపూర్ టికెట్లు తీసే ముందు బాన్సువాడ, పిట్లం మీదుగా కౌలాస్ పోయి రండి. బడిపిల్లలను తీసుకెళ్లండి. కొత్త గుంత కనబడితే ఫోటో తీసి పోలీసులకు, తహసీల్దారుకు ఇవ్వండి, రసీదు తీసుకోండి. వారసత్వ శాఖకు దరఖాస్తు రాయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద మళ్లీ అడగండి. ప్లాటు రిజిస్ట్రేషన్ ఆగినప్పుడు ఇవన్నీ ఎట్లా చేయాలో మనకు ఎవరూ నేర్పలేదు.