నెమలికంఠం... ఎవరి ఫోన్లో?

అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. పెళ్లి హైదరాబాద్‌లో. చీర తయారయ్యేది పోచంపల్లిలో. మూడు ఊళ్లనూ కలిపేది నెట్‌లో పెట్టిన ఒక్క డిజైను ఫైలు. ఇవాళ ఎన్నో ఇళ్లలో జరిగేదే! అంచుకు నెమలికంఠం రంగు అనుకున్నారు. అమ్మాయి లాప్‌టాప్‌లో అది నీలం. అమ్మ ఫోన్లో ముదురు ఆకుపచ్చ. నేతవాళ్లింట్లో పాత కంప్యూటరు మీద బూడిద కలిసినట్టు ఏదో రంగు. మాట్లాడుకునేటప్పుడు మాత్రం అందరూ ‘ఆ... నెమలికంఠమేగా’ అంటారు.

ఇక్కత్‌లో బట్ట నేశాక రంగు వేయరు. పోగుల్ని ముందే కట్టలు కట్టి, రంగు తగలకూడని చోట బిగించి, ఒక్కో రంగులో ముంచి, ఆరాక మగ్గమెక్కిస్తారు. తేడా కంటికి కనిపించేసరికి ఇంటిల్లిపాదీ రోజుల తరబడి పడ్డ కష్టం అయిపోయి ఉంటుంది. ముహూర్తం ముంచుకొస్తుంటుంది. చీర వద్దంటే నష్టం మగ్గం వాళ్లకే.

అసలు కంప్యూటరుకు రంగంటే మూడు అంకెలు. ఎరుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలం ఎంత... ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. ఏ ఎరుపు, ఎలాంటి ఆకుపచ్చ అన్నది ఆ అంకెల్లో ఉండదు. చీర పొడవు ‘ఐదున్నర’ అని చెప్పి ఊరుకుంటే? మీటర్లయితే సరే, గజాలయితే కుచ్చిళ్లు చాలవు. ఈ గొడవ తీరాలనే హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కంపెనీలు 1996లో ‘ఎస్‌ఆర్‌జీబీ’ అనే కొలమానాన్ని ప్రతిపాదించాయి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఫైలు ఏ కొలమానంలో ఉందో చెప్పే చీటీ కూడా అందులోనే ఉంటుంది. దాన్నే ‘కలర్ ప్రొఫైల్’ అంటారు. తంటా అంతా ఈ చీటీ ఊడిపోయినప్పుడే. అడోబీ ఆర్‌జీబీలో గీసిన బొమ్మకు చీటీ లేకపోతే బ్రౌజర్లు దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనే అనుకుంటాయి. మిరపపండు ఎరుపు కాస్తా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది!

అందుకే డిజైను గీసేవాళ్లు అసలు ఫైలును దాచుకుని, నెట్‌లో పెట్టడానికి ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చిన నకలు వేరే తీస్తారు. ప్రొఫైల్ చెరిగిపోకుండా చూస్తారు. ప్రెస్సు కోసం నాలుగు సిరాల లెక్కన చేసిన పీడీఎఫ్‌ను అలాగే పెట్టేయడం పొరపాటు. ఒక్కో సాఫ్ట్‌వేర్ దాన్ని ఒక్కోలా చూపిస్తుంది. గీసిన బొమ్మలకు జేపీఈజీ కన్నా పీఎన్‌జీ నయం. జేపీఈజీలో సన్నటి ఎర్ర గీతల అంచులు అలుక్కుపోతాయి.

ఇంత చేసినా తెరలు ఒకలా ఉండవు. ఒకరి ఫోన్లో వెలుతురు తక్కువ, ఇంకొకరు రాత్రిపూట కళ్లకు హాయిగా ఉంటుందని పసుపు తెర పెట్టుకుంటారు. రంగు ఖాయం చేసేముందు దాన్ని తీసేయాలన్న సంగతే గుర్తుండదు. మన కళ్లూ తక్కువవేం కావు. 2015లో స్కాట్లండ్‌లో ఒక పెళ్లి కోసం చూసిన గౌను ఫొటో ప్రపంచాన్నంతా రెండుగా చీల్చింది. ఒకే ఫొటో కొందరికి నీలం-నలుపు, మరికొందరికి తెలుపు-బంగారం. గౌను అసలు రంగు నీలం-నలుపే!

పైగా నెమలికంఠం లాంటివి తెరకు పూర్తిగా లొంగవు. నిలువు పోగు ఒక రంగు, అడ్డ పోగు ఇంకో రంగు అయితే చీర కదిలినప్పుడల్లా ఛాయ మారుతుంది. కదలని బొమ్మలో అదెలా చూపిస్తారు? అందుకే అనుభవం ఉన్నవాళ్లు బొమ్మ పక్కనే షేడ్ కార్డు నంబరు వేస్తారు. అద్దకానికి ముందు, రంగు వేసిన పోగు ముక్కను కవర్లో పెట్టి పంపుతారు. దాన్ని పగలు కిటికీ దగ్గర ఒకసారి, రాత్రి బల్బు కింద ఒకసారి చూడాలి. ముహూర్తం రాత్రిదైతే రెండోసారి చూడటం మరీ ముఖ్యం.