ఇంటికిని చేనికిని ఒకే బండి చాలునా?

పంట లమ్మి చేతికి నాలుగు రూకలు వచ్చిన దినములలో మన సంఘ సభ్యులు పలువురు మమ్ము కలిసికొని ఒకే ప్రశ్న వేయుచున్నారు. "అయ్యా, కారు కొనుమని ఇంటివారు కోరుచున్నారు, బండి కొనుమని పొలము కోరుచున్నది. ముందు రెండు వరుసల సీట్లును, వెనుక సరుకునకు తొట్టియు గల పికప్ ఒకటి కొన్నచో రెండు కోరికలును ఒకే ఖర్చుతో తీరవా?" అని వారి ప్రశ్న.

ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పూర్వము మన యిండ్లలో ఒకే యెడ్లబండి యుండెడిది. దానిమీదనే ఎరువు పొలమునకు పోయెడిది. ధాన్యము గాదెకు వచ్చెడిది. దానికే గూడు కట్టి, గడ్డి పరచి, పైన జంపఖానా వేసి ఆడపడుచును అత్తవారింటికి పంపెడివారము. ఒక బండి రెండు పనులు చేయవలెననుట మనకు తాతలనాటి ఆలోచనయే. అయితే ఎడ్లబండి మనిషి నడకతో సమానముగా నడచెడిది. ఈ బండి గంటకు 80 కిలోమీటర్లు పరుగెత్తును. అందుచేత నాటి లెక్క నేటికి సరిపోదు.

ఈ జాతి బండ్లు మన దేశములో ముఖ్యముగా రెండు తరగతులు. మొదటి తరగతికి మహీంద్రా వారి బొలెరో క్యాంపరు ఉదాహరణము. అది సరుకుల బండిగా రిజిస్టరు అయి, పసుపు నంబరు పలకతో తిరుగును. సుమారొక టన్ను మోయును. రెండవ తరగతిలో ఇసుజు వారి వీ-క్రాస్, టొయోటా వారి హైలక్స్ కలవు. వీనిలో వీ-క్రాస్‌ను ఇప్పటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో తయారు చేయుదురు. అచ్చటి కర్మాగారము 2016లో ప్రారంభమైనది. హైలక్స్ 2022లో మన దేశమునకు వచ్చినది. ఇవి సాధారణముగా సొంత వాహనములుగా తెల్ల పలకతో రిజిస్టరు అగును. ధరలో మొదటి తరగతికిని రెండవదానికిని రెండు మూడింతల భేదముండును. ఖరీదైన బండి ఎక్కువ మోయుననుకొనుట మాత్రము పొరపాటు. తెల్ల పలక బండికి అనుమతించిన సరుకు బరువు క్యాంపరు మోయుదానికంటె చాల తక్కువ. కొనుటకు ముందే ఆ అంకెను కాగితములలో చూపుమని అడుగవలెను.

మొదట ఇంటివారి పక్షమున విచారింతము. ఈ బండ్లకు వెనుక కమాను పట్టీలు గట్టిగా నుండును. బరువు మోయుటకై వాని నట్లు చేసిరి. తొట్టి నిండియున్నపుడు బండి నిలుకడగా పోవును. ఖాళీగా నున్నపుడు గతుకులపై ఎగిరిపడును. వెనుక సీటునకు ఆనుకొనియే క్యాబిను గోడ యుండుటచేత వీపు నిటారుగా నిలుపుకొని కూర్చుండవలెను. వృద్ధులకును గర్భిణులకును రెండు గంటల ప్రయాణము కష్టమే. తొట్టి ఖాళీయైనపుడు వెనుక చక్రములపై బరువు తక్కువగా నుండుటవలన తడిసిన రోడ్డుపై అవి జారు భయము కూడ కలదు. వీ-క్రాస్, హైలక్స్ బండ్ల పొడవు 5.3 మీటర్ల దరిదాపు, అనగా పదునేడు అడుగులకు పైమాట. మన గ్రామపు సందులలో దానిని మలపగలమో లేదో కొనుటకు ముందే ఒకసారి తెప్పించి చూచుకొనవలెను. మరియు 2021లో ప్రయాణికుల కార్లకు ముందరి రెండు సీట్లకును ఎయిర్ బ్యాగులు తప్పనిసరి చేయబడినవి. ఆ నిబంధన ప్రయాణికుల కార్ల నుద్దేశించినది. కావున సరుకుల తరగతి బండి కొనువారు ఎయిర్ బ్యాగులు ఎన్ని, వెనుక సీటున బెల్టులు ఎన్ని యని అడిగి, కండ్లార చూచి మరి బేర మాడవలెను.

ఇక పొలము పక్షము. మాగాణి రైతు లెక్క చూతము. ఎకరమునకు 75 కిలోల బస్తాలు 28 పండినవనుకొనుడు. మొత్తము 2,100 కిలోలు. టన్ను మోయు బండి ఒక పర్యాయమునకు 13 బస్తాలు తీసికొనిపోవును. ఎకరము ధాన్యమునకు మూడు తడవలు తిరుగవలెను. ట్రాక్టరు ట్రక్కు ఒక్క తడవలో ఆ పని ముగించును. అదియు ఏటికి రెండు కోతలలో కొన్ని దినముల పని మాత్రమే. ఆ కొన్ని దినముల కొరకు మిగిలిన సంవత్సరమంతయు పిల్లలను గట్టి కమానులపై కుదుపుట వివేకము కాదని మా అభిప్రాయము.

కాని అందరి సేద్యము ఒక్కటి కాదు. మదనపల్లె ప్రాంతపు టమాట రైతు కోత కాలమున దినము విడిచి దినము బుట్టలు మార్కెట్టుకు పంపవలెను. కడియము నర్సరీ రైతునకు మొక్కలు ప్రతిదినము కదలవలెను. భీమవరము వైపు చెరువుల రైతునకు మేత బస్తాలు, ఏరేటరు మరమ్మతు, అర్ధరాత్రి పిలుపు, వెంట ఇద్దరు పనివారు, ఇవి నిత్యకృత్యములు. పాడి పెంచువారు నలుబది లీటర్ల క్యానులను తెల్లవారకముందే చేర్పవలెను. ఇట్టివారికి ఈ బండి నిజముగా ఉపకరించును. బరువు తక్కువ, తడవలు ఎక్కువ, తోడు మనుష్యులు ఇద్దరు ముగ్గురు: ఈ మూడును కలిసినచోట దీనికి సాటి లేదు.

ఇప్పుడు కాగితముల సంగతి. దీనిని విసుగుకొనక చదువ ప్రార్థన. మోటారు వాహనముల చట్టము 1988 నాటిది. సరుకుల బండిలో సరుకుతోపాటు పోవు సరుకు యజమానికిని, అతని ప్రతినిధికిని బీమా రక్షణ ఉండవలెనని 1994 సవరణలో చేర్చిరి. ఊరక ఎక్కి కూర్చున్న ఇతరుల విషయమున ఆ బాధ్యత బీమా కంపెనీపై లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో ఆశారాణి కేసున తీర్పు చెప్పినది. అనగా పెండ్లికని, తిరునాళ్లకని తొట్టిలో ఎక్కించుకొన్నవారికి ప్రమాదము జరిగిన పరిహారము తుదకు బండి యజమాని మెడకే చుట్టుకొనును. పరిమితికి మించి ఎక్కించిన ఒక్కొక్క ప్రయాణికునికి 200 రూపాయల జరిమానా యని 2019 సవరణలో వ్రాసిరి. "ఇంతేగదా" యని కొందరు నవ్వుదురు. జరిమానా చిన్నదే, పరిహారము చిన్నది కాదు. అది భూమిని మ్రింగును.

పసుపు పలక బండి క్యాబినులో భార్యాబిడ్డలను కూర్చుండబెట్టినను వారికి ఏ మేరకు రక్షణ కలదో పాలసీలో వ్రాయించుకొనవలెను, నోటిమాట చాలదు. తెల్ల పలక బండి కొన్నవారు సమగ్ర పాలసీనే తీసికొనవలెను. వారు ఇంకొక సంగతి గుర్తుంచుకొనవలెను: ఆ బండిలో ఇతరుల సరుకు కిరాయికి వేయరాదు. కిరాయి డబ్బుతో కిస్తీ కట్టుదమని లెక్క వేసికొన్నవారు ఇచ్చటనే చిక్కుకొందురు. పసుపు పలకకు మొదటి ఎనిమిదేండ్లు రెండేండ్ల కొకసారియు, పిమ్మట ఏటేటను ఫిట్‌నెస్ పరీక్ష కలదు. తెల్ల పలకకు మొదటి రిజిస్ట్రేషను పదునైదేండ్లు చెల్లును. లైసెన్సు విషయమున మాత్రము చిక్కు తగ్గినది. మొత్తము బరువు 7,500 కిలోలకు మించని సరుకుల బండిని తేలిక వాహనపు లైసెన్సుతోనే నడుపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో స్పష్టము చేసినది.

ఇతరులకు నీతి చెప్పుటకు ముందు మా తప్పు ఒప్పుకొనుట న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక గ్రామమున వరి క్షేత్ర ప్రదర్శనము జరిపితిమి. అది ముగిసిన పిమ్మట ఒక రైతు తన డబుల్ క్యాబిను బండిలో అందరిని ఊరికి చేర్చెదననెను. మమ్ము ముందు సీటున కూర్చుండబెట్టి, నాట్లు వేసిన స్త్రీలు తొమ్మండుగురిని తొట్టిలో ఎక్కించెను. కాలువగట్టు మలుపున గేదె అడ్డువచ్చుటచే బ్రేకు వేయవలసి వచ్చెను. మాకు బెల్టు ఉండెను. కుదుపు తప్ప ఏమియు తెలియలేదు. తొట్టిలో నున్న ఒక వృద్ధురాలు ఇనుప అంచుపై పడగా మణికట్టు విరిగినది. బీమా వారు చెల్లింపమనిరి. ఆ రైతు మంచివాడు గనుక పాడిగేదె నమ్మి వైద్యము చేయించెను. ఆమె ఆ సంవత్సరము మరల నాట్లకు పోలేదు. మాకు సీటు నిచ్చిరి, ఆమెకు తొట్టి నిచ్చిరి. దానిని మేము మర్యాదగా నెంచి స్వీకరించితిమి. వలదని ఒక్క మాట చెప్పియుండవలసినది. చెప్పలేదు. నాటినుండి ఆ తొట్టిలో మనుష్యులను చూచిన ప్రతిసారి మాకు ఆ మాట గుర్తు వచ్చును.

అందుచేతనే మేము చెప్పునది ఇది: ఈ బండి కొనదలచినవారు తొట్టిని చూచి కొనరాదు, సీట్లను లెక్కించి కొనవలెను. ఇంట ఏడుగురుండి సీట్లు అయిదే యైనచో మిగిలిన ఇద్దరు ఎక్కడ కూర్చుందురని నేడే అడుగుకొనవలెను. పండుగనాడు ఆ ప్రశ్నకు జవాబు తొట్టియే యగును. ముందు పిల్లలు "గాలి బాగుండు"ననుచు ఎక్కుదురు, తరువాత బంధువులు, ఆ పిమ్మట కూలివారు. తొట్టి యున్నంతకాలము "ఈ ఒక్కసారికి" అను మాట యుండును. కూలికి వచ్చువారి ప్రాణము సీటున కూర్చున్నవారి ప్రాణముకంటె చులకన కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

నిర్ణయించుకొనుటకు ఒక సులభోపాయము కలదు. రెండు నెలలు ఒక నోటు పుస్తకము వ్రాయుడు. ఒక ప్రక్క సరుకు తడవలు, వాని బరువు. మరియొక ప్రక్క ఇంటి ప్రయాణములు, మనుష్యుల సంఖ్య. వారమునకు మూడు నాలుగు తడవలు సరుకు కదలుచు, ఇంటివారు అయిదుగురికి మించనిచో ఈ బండి కొనుడు. విచారింపవలసిన పని లేదు. సరుకు ఏడాదికి కొన్ని దినములే కదలునట్లయిన ఇంటివారికి సరిపడు కారు కొని, సరుకునకు కిరాయి నిచ్చుడు. కిస్తీ నెలనెలా వచ్చును, పంట డబ్బు నెలనెలా రాదు. ఈ మాటను కూడ ఆ పుస్తకము చివర వ్రాసికొనుడు.

కడపట మన సంఘమునకు ఒక మనవి. ఇరువదిమంది సభ్యులు ఇరువది పికప్పులకు అప్పు చేయుటకంటె, సంఘమే ఒక సరుకుల బండిని సక్రమమైన కాగితములతో కొని, వంతులవారీగా సభ్యులకు బాడుగకు పంపుట మేలు కాదా? విత్తనమును ఎరువును కలిసి కొనుట నేర్చుకొన్నాము. సరుకు రవాణాయు అట్లే కలిసి జరుపుకొనవచ్చును. రాబోవు మహాజనసభలో ఈ విషయము చర్చకు రావలెనని మా కోరిక. అంతవరకు ఎవరి బండియైనను, ఏ రంగు పలకయైనను, తొట్టిలో బస్తాలే యుండుగాక. మనుష్యులు సీట్లలో కూర్చుందురుగాక.