తుప్పు పట్టిన సైకిలే కోనసీమకి తగిన బండి

లంక ఊళ్ల నుంచి రావులపాలెం అరటి మార్కెట్‌కి గెలలు తెచ్చే సైకిళ్లను ఒక్కసారి చూసినవాళ్లకి ఆ బండి సత్తా ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. క్యారియర్‌కి అటూ ఇటూ గెలలు, ఫ్రేము మధ్యలో గెలలు, హ్యాండిల్‌కి కూడా గెలలే. తొక్కడానికి చోటు లేకపోతే రైతు పక్కన నడుస్తూ తోసుకొస్తాడు. అంత బరువుకీ ఫ్రేము వంగదు. అలాంటి సైకిల్‌కి రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, మంచినీళ్ల సీసా ఏపాటి బరువు?

అయినా కోనసీమలో చాలా ఇళ్ల సావిళ్లలో ఆ సైకిల్ తుప్పు పడుతోంది. మోటార్‌సైకిల్ వచ్చాక దాన్ని తుడిచే దిక్కు లేదు. ఎప్పుడో ఒకరోజు పాత ఇనుము కొనేవాడి త్రాసు మీదికి ఎక్కుతుంది. మరోపక్క సైకిల్ మీద ఊళ్లు తిరగాలని సరదాపడే కుర్రాళ్లు, గేర్ల సైకిల్ కొనే డబ్బు లేదని ఆగిపోతున్నారు. ఆ రెండూ జరగకూడనివే. కోనసీమ తిరగడానికి కొత్త బండి అక్కర్లేదు. తాత తొక్కిన అట్లాసో, హీరోనో, హెర్క్యులిసో బాగు చేయించుకుంటే చాలు.

ఈ మాట అనడానికి ఆధారం ఈ నేలే. గౌతమికి, వసిష్ఠకి మధ్య ఉన్న ఈ గడ్డని వైనతేయ చీల్చుకుంటూ సముద్రంలోకి పోతుంది. ఎక్కడా కొండ లేదు. 1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో పాటు ఆర్థర్ కాటన్ తవ్వించిన కాలవలు పొలాలకి నీళ్లిచ్చాయి, పడవలకి దారీ ఇచ్చాయి. గాలి లేనప్పుడు పడవవాళ్లు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవల్ని లాగేవారు. మనుషులు పడవ లాగడానికి పనికొచ్చిన గట్టు సైకిల్‌కి ఎంత సుఖమో వేరే చెప్పాలా? ఎక్కుడంటూ ఉంటే అది ఎదుర్లంక, బోడసకుర్రు, చించినాడ లాంటి వంతెనల దగ్గరే.

ఆ వంతెనల కోసం, ఎదురుగాలి కోసం ఒక చిన్న మార్పు చాలు. ముందు 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కి 18 పళ్లు ఉన్న సైకిల్‌లో ఒకసారి పెడల్ పూర్తిగా తిప్పితే బండి సుమారు 5.4 మీటర్లు పోతుంది. ఫ్రీవీల్ మార్చి 22 పళ్లది వేయిస్తే అదే తిప్పుకి 4.4 మీటర్లే పోతుంది. వేగం కొంచెం తగ్గుతుంది కానీ బరువుతో వంతెన ఎక్కేటప్పుడు మోకాళ్లు పట్టేయవు. గొలుసుకి ఒక లింకు కలపాలి, లేదా వెనక చక్రాన్ని కాస్త ముందుకి జరపాలి. అంతకు మించి పని లేదు.

మిగిలిన పని తెలిసిన మెకానిక్ చేతిలో పెట్టాలి. పెడల్ తొక్కిన ప్రతిసారీ 'టక్' మని చప్పుడొస్తుంటే కాటర్ పిన్ను అరిగిందని అర్థం. దాన్ని సుత్తితో కొట్టి మళ్లీ బిగిస్తే నాలుగు రోజులకి మొదటికొస్తుంది. పనితనం ఉన్న మెకానిక్ కొత్త పిన్ను తీసుకుని, దాని ఏటవాలు ముఖాన్ని ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీస్తాడు. క్రాంకులో పెట్టి చూస్తాడు, తీస్తాడు, మళ్లీ అరగదీస్తాడు. రెండు క్రాంకులూ ఒకే గీతలో నిలిచాకే నట్టు బిగిస్తాడు. తర్వాత హబ్బులు విప్పి, పాత గ్రీజు కడిగి, అరిగిన బాల్స్ మార్చి ఓవరాలింగు చేస్తాడు. ఉప్పుగాలి తగిలే అంతర్వేది, ఓడలరేవు వైపు తిరిగే బండికి ఇది తప్పనిసరి.

బ్రేకుల విషయంలో మాత్రం రాజీ పడకూడదు. ఇనప రిమ్ము తడిస్తే రబ్బరు కట్టలు పట్టవు, వానలో బండి ఆగడానికి చాలా దూరం పడుతుంది. గట్టిపడిన రబ్బర్లు తీసేసి కొత్తవి వేయించాలి, రిమ్ము బెండు తీయించాలి. వీలైతే వెనక చక్రానికి డ్రమ్ బ్రేక్ హబ్బు పెట్టించాలి. సామాను క్యారియర్ మీద ఎత్తుగా పేర్చకుండా, పాలవాళ్లు క్యాన్లు తగిలించినట్టు అటూ ఇటూ కిందికి వేలాడదీస్తే బండి తూలదు.

గేర్లు లేని పాత సైకిల్ మీద దూరం పోలేమనేవాళ్లకి జవాబు చరిత్రలోనే ఉంది. ఒడిశా చిత్రకారుడు ప్రద్యుమ్న కుమార్ మహానందియా 1977లో ఢిల్లీలో సెకండ్‌హ్యాండ్ సైకిల్ కొని, అఫ్గానిస్థాన్, ఇరాన్, టర్కీల మీదుగా యూరప్ చేరారు, స్వీడన్‌లో ఉన్న భార్యని కలుసుకోవడానికి. ఐర్లాండ్ రచయిత్రి డెర్వ్లా మర్ఫీ 1963లో మన దేశానికి సైకిల్ మీద వచ్చారు. బయలుదేరే ముందే గేర్లు తీయించేశారు. దారిలో చెడితే బాగుచేసేవాళ్లు దొరకరని ఆమె భయం.

మన పాత సైకిల్‌కి ఆ భయం లేదు. 28 అంగుళాల టైరు, ట్యూబు, కాటర్ పిన్ను, బ్రేకు రబ్బరు చిన్న టౌన్లలో ఇప్పటికీ దొరుకుతున్నాయి. కానీ బాగుచేసే చేతులు తగ్గిపోతున్నాయి. 1951లో సోనీపత్‌లో పుట్టిన అట్లాస్ కంపెనీ తన సాహిబాబాద్ ఫ్యాక్టరీని 2020 జూన్ 3న మూసేసింది, అదీ ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు. గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చే షాపులు అంతకు చాలా ముందే కనుమరుగయ్యాయి. వాటిని నడిపిన మెకానిక్కులు పెద్దవాళ్లవుతున్నారు. సైకిలంటే పేదవాడి బండి అన్న చిన్నచూపు కూడా ఇందుకు కారణమే. కమ్యూనిస్టు నేత పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్లిన సంగతి ఈ రాష్ట్రం మరిచిపోకూడదు.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. పర్యాటకం అనగానే దిండి రిసార్టు, గోదావరిలో బోటు షికారు ముందుకొస్తాయి. అవి ఉండాల్సిందే. అయితే ర్యాలి గుడి, అంబాజీపేట కొబ్బరి మార్కెట్, గన్నవరం అక్విడక్టు, అయినవిల్లి, అప్పనపల్లి కళ్లారా చూడాలంటే సైకిల్‌కి మించినది లేదు. పొద్దున్నే రాజోలులో బయలుదేరి అంతర్వేది వెళ్తే, మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు సముద్రపు గాలి వీపుని తోస్తుంది. నరసాపురం వైపు పోవాలనుకుంటే సఖినేటిపల్లిలో సైకిల్‌తో సహా పంటు ఎక్కొచ్చు.

అందుకు జిల్లా యంత్రాంగం చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. 216 జాతీయ రహదారి మీద లారీల మధ్య సైకిల్ తొక్కించడం ప్రాణాలతో చెలగాటం. కాబట్టి కాలవ గట్ల దారుల్లో గోతులు పూడ్చి, ఊరి పేర్లు, దూరాలు రాసిన బోర్డులు పెట్టాలి. అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ఒక్కో షెడ్డు తెరిచి, పనికిరావని పక్కన పడేసిన సైకిళ్లని అక్కడికి తెప్పించాలి. పాత మెకానిక్కులకి జీతమిచ్చి, ఐటీఐ కుర్రాళ్లకి వాళ్ల చేతే ఈ పని నేర్పించాలి. బాగుచేసిన బండ్లు ఆ షెడ్డులోనే అద్దెకివ్వాలి. ఒక షెడ్డులో తీసుకున్న సైకిల్‌ని ఇంకో షెడ్డులో అప్పగించే వీలుండాలి. కాలవ గట్లు ఆరి, ఎండ తగ్గే శీతాకాలంలో యాత్రలు మొదలవ్వాలంటే, షెడ్లలో పని వానాకాలంలోనే అందుకోవాలి.