ఆరు దినములు తాళము

మిరప కోతల కాలమున మన పల్లెలలో తెల్లవారుజామున ఏమి జరుగుచున్నదో చూచితివా? వెలుగు రాకమునుపే స్త్రీలు ఆటోలలో క్రిక్కిరిసి పొలములకు పోవుదురు. చంకలో మూడేండ్ల బిడ్డ. గట్టుమీద వేపచెట్టునకు చీర ఉయ్యాల. చుట్టును మిరప ఘాటు, పురుగుమందు వాసన. బిడ్డను ఇంటనుంచినచో, వానిని కనిపెట్టుటకు ఎనిమిదేండ్ల అక్క బడి మానును. తమ్ముని చదువు మొదలు కాకమునుపే అక్క చదువు ముగియుచున్నది.

ముప్పదిమందికి మించి స్త్రీలు పనిచేయు కర్మాగారములో పిల్లలకొక గది ఉండవలెనని 1948 ఫ్యాక్టరీల చట్టమే విధించెను. చేనిలో నూరుగురు వంగి కోసినను వారి బిడ్డలకు చెట్టునీడే గతి. 1975 అక్టోబరు 2న ఆరంభమైన పథకమువలన మన పల్లెలకు అంగన్‌వాడీలు వచ్చెను, అది మేలే. అయితే తల్లి ఆటో ఎక్కు వేళకు వాటి తలుపు తెరువబడదు.

నేను సర్కారును నిందించుటకు కలము పట్టలేదు. మనలనే అడుగుచున్నాను. 1842లో గుంటూరు చేరిన హయ్యరు అయ్యగారి కాలమునుండి బడి పెట్టినవారమని అతిశయించుచున్నామే, ఆ పల్లెలోనే సున్నము వేసిన మన మందిరమునకు వారమునకు ఆరు దినములు తాళమేల?

“పిల్లలు మందిరమును మలినపరతురు” అని పెద్దలందురు. బిడ్డలను అడ్డగించిన శిష్యులమీదనే ప్రభువు కోపపడెను గాని, బిడ్డల కాళ్ల మట్టిమీద కాదు.

“కాన్వెంటు ఉన్నది గదా” అని మరికొందరందురు. అట్టి యొక చోట మూడేండ్ల పసివాడు పెన్సిలు పట్టలేక, ఇంగ్లీషు అక్షరము దిద్దలేక, కన్నీరు కార్చుట నేను చూచితిని. అది విద్య కాదు, శిక్ష. మెదడు ఎదుగుదలలో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా ఆరేండ్లలోపే జరుగునని 2020 జాతీయ విద్యా విధానము చెప్పుచు, ఆ వయస్సున ఆటయే పాఠముగా ఉండవలెననుచున్నది. చింతగింజలతో లెక్క వచ్చును. గుజ్జనగూళ్లతో మాట వచ్చును. అమ్మ భాషలో కథ విన్నవానికి అక్షరము తరువాత తానే లొంగును.

ఈ పని నెరిగినది అంగన్‌వాడీ టీచరమ్మ. 2023 డిసెంబరు 12 మొదలు 42 దినములు ఆమె జీతముకొరకు రోడ్డున కూర్చుండగా, మన ప్రార్థనలలో ఆమె పేరు వినబడెనా? ఆమెనే పిలిచి సలహా అడుగుదము.

కోతల మూడు నెలలు వేకువనే మందిరము తెరువుడి. సంఘములోని ఇద్దరు అమ్మలను జీతమిచ్చి నియమించుడి. రాగిజావ, చాప, ఇసుక, పాట చాలును. డబ్బేదీ అందురా? కోతపండుగనాడు వేలము వేయు మిరపబస్తాలు, ప్రత్తిబోరెములు ఎవరి చేతులు కోసినవి? ఆ చేతులు కనిన బిడ్డలకే అందులో మొదటి పాలు. ఈ సంవత్సరమైనను ఆ తాళపుచెవి గోడనుండి దింపుడి.