పాట రికార్డింగ్‌కి పీసీ కొంటున్నారా? కోర్లు లెక్కపెట్టకండి

ప్రాసెసర్ అనగానే షాపులో ముందు చెప్పేది కోర్ల సంఖ్యే. వీడియో ఎడిటింగ్‌కి ఆ లెక్క పనికొస్తుంది. హెడ్‌ఫోన్‌లో తన గొంతు తానే వింటూ పాడేవాళ్లకి మాత్రం అది తర్వాతి సంగతి అంటాను.

ఎందుకో చూడండి. మైక్‌లోంచి వచ్చే శబ్దాన్ని కంప్యూటర్ ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది. ఆ ముక్క సైజే బఫర్. 48 కిలోహెర్ట్జ్‌లో 128 శాంపిళ్లు పెడితే ఒక్కో ముక్క సుమారు 2.7 మిల్లీసెకన్లు. ఈక్యూ, కంప్రెసర్, రివర్బ్ అన్నీ ఆలోపే అయిపోవాలి, లేదంటే చిటపట. ఒక ప్లగిన్ పని అయ్యాకే తర్వాతది మొదలవుతుంది కాబట్టి ఒక ట్రాక్ మీది వరుసంతా మామూలుగా ఒక్క కోర్ మీదే పడుతుంది. పక్కన పదిహేను ఖాళీగా ఉన్నా సాయం రావు. బఫర్ 1024 చేస్తే చిటపట పోతుంది, కానీ రానూపోనూ 43 మిల్లీసెకన్లు. పద్నాలుగు మీటర్ల అవతల కొట్టే డప్పు విని తాళం వేసినట్టు ఉంటుంది.

జూలూరుపాడులో మా ఫ్రెండ్ ఒకడు బంజారా పాటలు ఇంట్లోనే రికార్డు చేస్తాడు. బడ్జెట్ అరవై వేలు. ఎక్కువ కోర్లది తీసుకో, ఆడియో ఇంటర్‌ఫేస్ తర్వాత చూసుకోవచ్చు అన్నారట షాపులో. నేను వద్దన్నాను. ఒక్కో కోర్ స్పీడున్న ఆరు కోర్ల రైజెన్ 5 చాలు, మిగిలింది సొంత ఆసియో డ్రైవర్ ఉన్న ఇంటర్‌ఫేస్‌కి పెట్టాలి. అసలు కోర్ల లెక్కలోనూ మెలిక ఉంది. కోర్ ఐ5-13600కె అంటే 14 కోర్లు, వాటిలో పెద్దవి 6 మాత్రమే. రైజెన్ 9 9900ఎక్స్‌లో 12 కోర్లు రెండు చిప్‌లుగా విడిపోయి ఉంటాయి, ఒకదాన్నించి ఇంకోదానికి డేటా వెళ్లడానికి ఎక్కువ టైం పడుతుంది.

సన్న ల్యాప్‌టాప్ కూడా వద్దన్నాను. ఏసీ లేని గది, మే నెల, ఫ్యాన్ ఆపి తలుపులేసి పాడాలి. వేడెక్కితే డబ్బా మీద రాసిన బూస్ట్ స్పీడ్ నిలవదు, పైగా దాని ఫ్యాన్ మోత మైక్‌లోకి ఎక్కుతుంది.

ఎఫెక్టులు లేకుండా పాడేవాళ్లకి ఇంటర్‌ఫేస్‌లోని డైరెక్ట్ మానిటరింగ్ సరిపోతుంది, పాత పీసీ ఉన్నా నడిచిపోతుంది. మావాడికి రివర్బ్ వినపడకపోతే గొంతు లేవదు!

కొనేముందు షాపులోనే లేటెన్సీమాన్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ పది నిమిషాలు నడిపించి చూడండి. వైఫై డ్రైవర్ మధ్యలో అడ్డం పడుతుంటే ఎంత ఖరీదైన ప్రాసెసర్‌కైనా చిటపట తప్పదు.